కాగితం మీసాలు

కుట్టు షాపులో రహస్యం దాచడమంటే మాటలు కాదు. ఉన్నది ఒక్కటే పొడవాటి గది. అందులో మూడు మిషన్లు, నడుమ కటింగ్ బల్ల, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. ఒకరు నిట్టూరిస్తే మిగతా వాళ్ళు తలెత్తి చూస్తారు. అలాంటి చోట, పెళ్ళి కుదిరిన పిచ్చుక అనే పిల్లకు తెలియకుండా ఆ పిల్ల కోసమే ఒక వేడుక చెయ్యాలని మిగతా ముగ్గురూ అనుకున్నారు.

ఆలోచన ఇస్త్రీ పిన్నిది. ఆవిడ ఒక చేతికి ఇస్త్రీ పెట్టె, ఇంకో చేతికి ఫోను అంటుకుని పుట్టినట్టుంటుంది. ఆ ఫోన్లోనే ఎక్కడో చూసిందట. పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళంతా కలిసి పెళ్ళికూతుర్ని మధ్యలో కూర్చోబెట్టి, కేకు కోయించి, ఆటలాడించి, నవ్వించి ఏడిపించి పంపిస్తారట. మగవాళ్ళను గుమ్మం తొక్కనివ్వరట.

"దానికేదో పేరుంది, నాకు నోరు తిరగట్లేదు," అంది పిన్ని. "మనం ఆడపార్టీ అనుకుందాం."

"పేరు బానే ఉంది. ఎక్కడ చేస్తారు?" అంది మాస్టరమ్మ కత్తెర ఆపకుండా. షాపు ఆవిడదే, కటింగ్ ఆవిడదే, ఆఖరి మాట కూడా ఆవిడదే. "ఇక్కడ మాత్రం వద్దు తల్లీ. ఎవరి బట్ట మీదైనా కేకు మరక పడితే నేను మొహం చూపించలేను."

"మా ఇంట్లో మా ఆయనుంటాడు. బయటికి పొమ్మంటే, కేకు తిని పోతానంటాడు," అంది పిన్ని.

ఇద్దరూ కాజాలక్క వైపు చూశారు.

కాజాలక్క ఆ షాపులో కాజాలు కుడుతుంది. బొత్తాం దూరే ఆ సన్నటి కంత చుట్టూ దారం చుట్టి గట్టి చెయ్యడమే ఆమె పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఒక్కోసారి ఆమెకే గుర్తుండదు. భర్త పోయి ఏళ్ళు గడిచాయి. రెండు వీధుల అవతల, సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద ఒక గది, దాని వెనక మనిషి అటు ఇటు తిరిగితే మోచెయ్యి గోడకు తగిలే వంటిల్లు. అదీ ఆమె సంసారం.

"మగపురుగు లేని ఇల్లు మనలో నీదొక్కటే," అంది పిన్ని. "దేవుడు ఇలా ఉపయోగపెట్టాడనుకో."

"నోరు కాల్చుకుంటావ్, ఇస్త్రీ పెట్టె పక్కనే ఉంది," అంది కాజాలక్క. అన్నదే గాని, అప్పటికే మనసులో గదిలోని మంచాన్ని గోడకు నిలబెట్టేసింది.

ఆమెకు పిచ్చుకంటే అంత ఇది. షాపుకి తీసుకొచ్చింది తనే. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయి, అన్న ఇంట్లో పెరిగిన పిల్ల. మొదటి రోజు సూదిలో దారం ఎక్కించమంటే చేతులు వణికాయి. ఆ చేతుల్ని పట్టుకుని నేర్పింది కాజాలక్క. గుప్పెడు తిండి, గంపెడు కబుర్లు, అందుకే పిచ్చుక అని పేరు పెట్టింది కూడా తనే. దారం తుంచాలంటే కత్తెర పక్కనే ఉన్నా పళ్ళతో కొరుకుతుంది. "పళ్ళు అరిగిపోతాయే," అని రోజూ తిట్టడం, రోజూ ఆ పిల్ల నవ్వడం. పిచ్చుకకు ఏ ముచ్చటైనా ముందు తన చెవిలో పడాల్సిందేనని కాజాలక్క గొప్పగా చెప్పుకునేది. కన్నబిడ్డలున్న వాళ్ళకైనా ఆ భాగ్యం ఉందా అని ఆమె లోపలి మాట.

ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్ళికి ముందురోజు నువ్వేం చేశావని ఎవరైనా కాజాలక్కను అడిగితే, అంట్లు తోమానని చెబుతుంది. నవ్వుతూనే చెబుతుంది. ఈ పిల్లకు మాత్రం చెప్పుకోవడానికి ఒక మంచి రోజుండాలని పట్టుపట్టింది.

పెళ్ళికొడుకు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. సంబంధం అన్న తెచ్చాడు. అబ్బాయి ఎర్రగా, నీటుగా ఉంటాడు. మాట మెత్తన. మొదటిసారి షాపుకి వచ్చినప్పుడు మాస్టరమ్మ కళ్ళద్దాలు తీసుకుని, తనే తుడిచి, వదులైన మరలు బిగించి ఇచ్చాడు. ఆ రోజు నుంచి మాస్టరమ్మకు లోకమంతా తేటగా కనపడసాగింది. "బంగారంలాంటి పిల్లాడు," అని ముగ్గురూ ముక్తకంఠంతో అన్నారు. పిచ్చుక ఏమీ అనలేదు. సిగ్గుపడుతోందనుకున్నారు.

ఇక కాజాలక్క కాళ్ళకు చక్రాలు మొలిచాయి. రంగు కాగితాలు, బెలూన్లు, గోడకు వేలాడదీసే దండలు, అన్నీ ఒక్కొక్కటిగా గదికి చేరాయి. మంచం కింద నిండింది. మంచం మీద నిండింది. ఆమె నేల మీద పడుకోవడం మొదలుపెట్టింది. లేత పసుపు గుడ్డ తెచ్చి, మాస్టరమ్మ చేత కత్తిరింపించి, పొట్టి చేతుల గౌను కుట్టడానికి కూర్చుంది. కొలతలు తీసుకోలేదు. పిచ్చుక కొలతలు తనకు తెలియవా! నిరుడు రెండు జతలు కుట్టిందాయె. పైగా కొలత టేపు తీస్తే గుట్టు రట్టవుతుంది. కుట్టుపని చేసే వాళ్ళ ధీమా అది. ఎదుటి మనిషి ఒళ్ళు తమ వేళ్ళకు గుర్తుందనుకుంటారు.

"లోపల గుడ్డ వదులు," అంది మాస్టరమ్మ. "పెళ్ళయ్యాక ఆడపిల్లలు ఒళ్ళు చేస్తారు. రేపు విప్పుకుని వేసుకుంటుంది."

కాజాలక్క రెండు పక్కలా కుట్టు లోపల ధారాళంగా వదిలింది.

ఒకరోజు మధ్యాహ్నం పిచ్చుక బయటికి వెళ్ళిందని ఆ గౌను ఒళ్ళో పెట్టుకుని కుడుతుంటే, ఉన్నట్టుండి వెనక నుంచి వచ్చింది. కాజాలక్క గభాలున గౌనును స్టూలు మీద వేసి దాని మీద కూర్చుంది. సూది ఎక్కడుందో కూర్చున్నాక తెలిసింది.

"అక్కా, నీతో ఒక మాట మాట్లాడాలి."

"తర్వాత మాట్లాడదాం," అంది కాజాలక్క పళ్ళు బిగబట్టి.

"కొంచెం సేపే అక్కా. బయటికి రావా?"

"చెప్తున్నాగా, తర్వాతని! పని మీదున్నాను, కనపడట్లా?"

ఆమె ఒళ్ళో ఏ పనీ లేదు. చేతిలో సూది కూడా లేదు. పిచ్చుక ఆ ఖాళీ చేతుల్ని చూసి, సరే అక్కా అని తన మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఇస్త్రీ పిన్ని కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. ఆ సాయంత్రం సూది గుచ్చుకున్న చోటు గురించి ఆవిడ వేసిన జోకులు ఇక్కడ రాయదగ్గవి కావు.

అప్పటి నుంచి ముగ్గురూ పిచ్చుకను చూస్తే మాట మార్చడం నేర్చుకున్నారు. తను లోపలికి రాగానే కబుర్లు టక్కున ఆగిపోయేవి. ఒక్కోసారి పిన్ని ఆపలేక నవ్వేసేది. పిచ్చుక ఒక్కొక్కరి మొహం చూసి, తల దించుకుని మిషను తొక్కేది. "పాపం, ఏమనుకుంటోందో," అని మాస్టరమ్మ అంటే, "ఆదివారం పార్టీలో అన్నీ తెలుస్తాయిలే. అప్పుడు చూడాలి దాని మొహం," అనేది కాజాలక్క.

ఆటల బాధ్యత పిన్నిది. పెళ్ళికొడుకుని కొన్ని ప్రశ్నలడిగి, జవాబులు వీడియో తీసి ఉంచాలి. అవే ప్రశ్నలు పార్టీలో పిచ్చుకను అడగాలి. ఆయనేం చెప్పాడో ఆ పిల్ల ఊహించాలి. తప్పు చెప్పిన ప్రతిసారీ కాగితం మీసం అంటించాలి. పిన్ని నల్ల కాగితంతో రకరకాల మీసాలు కత్తిరించింది. పోలీసు మీసం, పిల్లి మీసం, వాళ్ళాయన మీసం.

ప్రశ్నలు పట్టుకుని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది కాజాలక్కే. అతను కుర్చీ వేసి కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళిచ్చి, ఓపిగ్గా విన్నాడు.

"ఎక్కడక్కా చేసేది?"

"మా గదిలోనే బాబూ. సైకిళ్ళ దుకాణం మీద. పక్కనుంచి మెట్లుంటాయి."

"ఎవరెవరు వస్తారు?"

"మేం ముగ్గురమే. అది నాలుగోది."

"తను మీ గదికి తరచుగా వస్తుంటుందా?"

"రాకేం! సొంత అక్క ఇల్లనుకుంటుంది."

అతను నవ్వాడు. అద్దం ఒకటి గుడ్డతో తుడిచి, వెలుగుకు పట్టి చూసి, మళ్ళీ తుడిచాడు. వీడియో తనే తీసుకుని పంపిస్తానన్నాడు. ఎంత శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాడో అని దారి పొడుగునా కాజాలక్క మురిసిపోయింది. వీడియో వచ్చాక పిన్ని చూద్దామని తహతహలాడితే, ముందే చూస్తే మజా పోతుందని ఫోను లాక్కుంది కూడా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, కాజాలక్క, పిన్ని గదిలో కూర్చుని కాగితం పూలు దారానికి గుచ్చుతున్నారు. నేల కనపడకుండా రంగులు పరుచుకుని ఉన్నాయి. తలుపు చప్పుడైంది.

"అక్కా, నేనే."

పిన్ని నోట్లో బెలూను ఉంది. గుడ్లు తేలేసి చూసింది. కాజాలక్క లేచి, తలుపు బెత్తెడు మాత్రం తెరిచి, ఆ సందులో తన ఒళ్ళంతా అడ్డం పెట్టింది. బయట పిచ్చుక నిలబడి ఉంది. చేతిలో ఒక గుడ్డసంచి, ఉబ్బెత్తుగా.

"ఏంటే ఈ వేళప్పుడు?"

"నాలుగు రోజులు మీ గదిలో ఉండనా అక్కా?"

"ఎందుకు?"

"లోపలికొచ్చి చెప్తాను."

లోపల బెలూను పిన్ని నోట్లోంచి జారి బుర్రుమంటూ గదంతా తిరిగింది. కాజాలక్క తలుపు ఇంకాస్త దగ్గరికి లాగింది. నోటికి ఏదొస్తే అది అనేసింది.

"ఇప్పుడు కుదరదే. మా చెల్లెలొచ్చింది ఊర్నించి. దాని పిల్లకి ఒళ్ళంతా పొక్కులు. నీకంటుకుంటే పెళ్ళికి మొహం ఏం కాను? పో, పో, దగ్గరికి రాకు!"

తలుపు సందులోంచి లోపలి వెలుతురు ఆమె బుగ్గ మీద సన్నటి గీతలా పడింది.

"నాకేం కాదక్కా. నాకవి చిన్నప్పుడే అయిపోయాయి. వంటింట్లో పడుకుంటాను."

"చెప్తే వినవేంటి! మీ అన్న కంగారుపడతాడు, ఇంటికి పో. ఏదైనా ఆదివారం తర్వాత చూద్దాం."

"ఆదివారం తర్వాతా?"

"ఆ, ఆ తర్వాత నీ ఇష్టం. ఎన్నాళ్ళైనా ఉందువు గాని."

పిచ్చుక మెట్లు దిగిపోయింది. తలుపు వేసి గొళ్ళెం పెట్టగానే పిన్ని బోర్లా పడి నవ్వింది. "పొక్కులు! ఎక్కణ్ణించి వస్తాయి తల్లీ నీకిలాంటివి!" కాజాలక్క కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. సంచి మాట గుర్తొచ్చి, కుట్టు విప్పాల్సిన బట్టలేవో తెచ్చినట్టుందని అంది. తన బట్టలు తనే బిగిస్తోంది ఈ మధ్య, అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే కాజాలక్కకు భయం పట్టుకుంది. ఈ పిల్ల మళ్ళీ వస్తే? ఇంత కష్టపడి దాచింది గంగపాలేనా? పెళ్ళికొడుక్కి ఫోను చేసింది.

"బాబూ, నిన్న సాయంత్రం కొంపలంటుకునేవి. సరాసరి గుమ్మం దాకా వచ్చేసింది. ఆదివారం దాకా కొంచెం ఇటు రానివ్వకు. ఏదో ఒకటి చెప్పి ఆపు."

"ఒక్కతే వచ్చిందా అక్కా?"

"ఒక్కతే."

"చేతిలో ఏమైనా ఉందా?"

"ఏదో సంచి ఉన్నట్టుంది. మా దగ్గర ఉంటానంది నాలుగు రోజులు. వెర్రిది!"

"మంచిది అక్కా," అన్నాడతను మెత్తగా. "చెప్పి మంచి పని చేశారు. నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున బండి మీద షాపు ముందు దింపి, సాయంత్రం షాపు ముందే ఎక్కించుకుని వెళ్ళేవాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తనే తెచ్చిచ్చి, తినేదాకా గుమ్మంలో నిలబడేవాడు. "అబ్బబ్బ, ఒక్క పూట చూడకపోతే ఉండలేడు," అని పిన్ని దీర్ఘాలు తీసింది. "మా ఆయన డబ్బా తేవడం దేవుడెరుగు, తెచ్చింది తినేసి పోతాడు," అంది. పిచ్చుక నవ్వలేదు. దారాన్ని కత్తెరతో తుంచుతోంది. అది కాజాలక్క చూసింది. పెద్దరికం వచ్చిందనుకుని సంతోషించింది కూడా.

ఆదివారం పిచ్చుకను తీసుకొచ్చింది కూడా అతనే. కింద బండి ఆగిన చప్పుడు విని, ముగ్గురూ దీపం ఆర్పి, నోళ్ళు మూసుకుని, ఒకరినొకరు గిల్లుకుంటూ నిలబడ్డారు. తలుపు తెరుచుకుంది. దీపం వెలిగింది. పిన్ని పెట్టిన కేకకు కింద దుకాణంలో ఏదో పాన పడిన చప్పుడైంది.

పిచ్చుక గుమ్మంలోనే ఆగిపోయింది. గోడలకు వేలాడే దండలు చూసింది. కాగితం పూలు చూసింది. గోడకు నిలబెట్టిన మంచాన్ని, దాని వెనక నుంచి తొంగిచూస్తున్న బెలూన్లను, ఒక్కొక్కటిగా అన్నీ చూసింది. చాలాసేపు చూసింది. ఆనందంతో మాట రావడం లేదనుకుని మాస్టరమ్మ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

"పిల్లకి పొక్కులు తగ్గాయా అక్కా?" అంది పిచ్చుక.

పిన్ని పడీపడీ నవ్వింది. కాజాలక్క సిగ్గుగా చేతులూపింది.

"ఇందుకా రావద్దన్నావు?"

"మరెందుకే! ఇదంతా చూస్తే ఇంకేముంది?"

"అవును," అంది పిచ్చుక. "ఇంకేముంది."

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. పసుపు గౌను ఇచ్చి వంటింట్లోకి పంపారు. వేసుకుని వచ్చింది. భుజాలు జారుతున్నాయి. నడుం దగ్గర గుప్పెట పట్టేంత గుడ్డ ఎక్కువుంది. కాజాలక్క దగ్గరికి వెళ్ళి రెండు పక్కలా పట్టి చూసింది. ఆమె వేళ్ళకు గుర్తున్న పిల్ల కాదు ఇది.

"ఎంత చిక్కిపోయావే!"

"పెళ్ళి బెంగ," అంది పిన్ని. "నేనూ అప్పుడు ఇలాగే చిక్కాను. తర్వాత అంతకంత ఒళ్ళు చేశాను, చూడండి!"

పిచ్చుక రెండు చేతులూ మడిచి, మోచేతుల్ని అరచేతుల్తో కప్పుకుని కూర్చుంది. మాస్టరమ్మ ఫోను ఎత్తగానే, "ఫొటోలు వద్దు పెద్దమ్మా," అంది. "ఈ గౌనులో వద్దు." సరే, కేకు దగ్గర తీద్దాంలే అని ఆవిడ దించేసింది.

ఆట మొదలైంది. పిన్ని మీసాలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఫోను పట్టుకుని నిలబడింది.

"మొదటి ప్రశ్న. ఆయన టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

"వెయ్యకూడదు. పక్కన పెట్టాలి. ఆయనే వేసుకుంటారు."

ఫోన్లో పెళ్ళికొడుకు నీటుగా దువ్వుకుని, చిరునవ్వుతో కనిపించాడు. "చక్కెర నేనే వేసుకుంటాను. పక్కన పెడితే చాలు."

"ఓసి దీని తెలివి!" అని చప్పట్లు కొట్టారు.

"రెండో ప్రశ్న. ఆయనకు కోపమొస్తే ఏం చేస్తాడు?"

"మాట్లాడరు. నా తప్పేంటో నేను చెప్పేదాకా."

"కోపమా, నాకెందుకు కోపం!" అన్నాడు ఫోన్లో పెళ్ళికొడుకు. "కాసేపు మాట్లాడను, అంతే. తప్పేంటో తనే చెబుతుంది."

మళ్ళీ చప్పట్లు. ఈసారి కాజాలక్క చేతులు కొంచెం ఆలస్యంగా కలిశాయి.

"మూడోది. నీ బట్టల్లో ఆయనకి బాగా నచ్చేది?"

"ఆయన కొన్నవి. నిండు చేతులవి."

"నేను కొన్నవి," అన్నాడు ఫోన్లో. "నిండు చేతులైతే తనకి అందం."

అందరి చూపులూ పసుపు గౌను పొట్టి చేతుల మీదికి వెళ్ళి, పక్కకు తప్పుకున్నాయి. "మీసానికి అవకాశమే ఇవ్వట్లేదు ముండ," అంది పిన్ని. "ఇదిగో, ఇది మాత్రం చెప్పలేవు. పెళ్ళయ్యాక నువ్వు మానెయ్యాల్సిన అలవాటు ఒక్కటి!"

ఆ ప్రశ్న పిన్ని కావాలని పెట్టింది. పళ్ళతో దారం కొరకడం అని అందరికీ తెలుసు. ముగ్గురూ ముందుకు వంగారు.

పిచ్చుక ఎవరి వైపూ చూడలేదు.

"కాజాలక్క దగ్గర అన్నీ చెప్పుకోవడం."

"ఆ అక్క దగ్గర అన్నీ చెప్పుకోవడం," అన్నాడు పెళ్ళికొడుకు, అదే చిరునవ్వుతో. "ఇంటి సంగతులు బయటెందుకు? మంచి అక్కే. నాకు చాలా సాయం చేశారు కూడా."

"నీ మీద కుళ్ళు కాజాలక్కా, కుళ్ళు!" అని పిన్ని అరిచింది. "పెళ్ళికాకముందే వాటాకొస్తున్నాడు!" మాస్టరమ్మ నవ్వుతూ కేకు తేవడానికి లేచింది. మీసాలు బల్ల మీద పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

కాజాలక్కకు నవ్వు రాలేదు. ఆ జవాబులు పిల్ల ఊహించి చెప్పినట్టు లేదు. అప్పజెప్పినట్టుంది. మొగుణ్ణి ప్రేమించే పిల్ల ఒకటైనా తప్పుతుంది. తప్పి, నాలుక కరుచుకుని నవ్వుతుంది. ఇది ఒక్క మాటా తడబడలేదు.

గ్లాసులు తెద్దామని పిచ్చుకను వంటింట్లోకి పిలిచింది. ఇద్దరూ నిలబడితే ఇక చోటు లేదు అక్కడ.

"ఆ రోజు ఏదో చెప్తానన్నావు కదే. ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడేం లేదక్కా."

"అన్నీ ఎలా కరెక్టుగా చెప్పావే?"

పిచ్చుక ఒక గ్లాసు తీసి కొళాయి కింద పెట్టింది. "ఈ ఆట నాకు కొత్తేం కాదు. రోజూ ఆడిస్తారు. బండి మీద వెళ్తుంటే అడుగుతారు. తప్పు చెప్తే అక్కడే దించేసి వెళ్ళిపోతారు. ఎక్కడైతే అక్కడే. ఒకసారి వానలో దింపేశారు. నడుచుకుంటూ ఇంటికెళ్తే, ఆలస్యమెందుకైందని అన్నకి ఫోను చేసి అడిగారు. అన్న నన్ను తిట్టాడు."

"మరి మాకు చెప్పలేదేమే!"

అన్నాక గాని ఆ మాట ఎంత చెడ్డగా ఉందో కాజాలక్కకు తెలియలేదు. పిచ్చుక గ్లాసు నిండి పొర్లుతున్నా కొళాయి కట్టలేదు.

"ఆ రోజు సంచిలో ఉన్నవి నా బట్టలే. ఇక్కడ నాలుగు రోజులుంటే, అన్నకి పెళ్ళి వద్దని చెప్పే ధైర్యం వస్తుందనుకున్నాను. నువ్వు పక్కనుంటే చెప్పగలననుకున్నాను. నువ్వు పొమ్మన్నావు. సరే, ఇంకోసారి వద్దామనుకుంటే, పొద్దున్నే ఆయన మా ఇంటికొచ్చారు. సంచీ తెమ్మన్నారు. అన్న ముందే విప్పించారు. నాకు చెప్పింది మీ అక్కే అన్నారు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు అన్నారు. మీ అక్కే చెప్పింది, మీ అక్కే నిన్ను రానివ్వొద్దంది, అని."

"నేను... అది ఈ పార్టీ కోసం..."

"ఇప్పుడు తెలిసింది," అంది పిచ్చుక. "అప్పుడు తెలియదుగా."

అవతల గదిలో మాస్టరమ్మ, కత్తి ఏదర్రా అని అరుస్తోంది. కాజాలక్క పిచ్చుక మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు సూది పట్టించిన చెయ్యే. ఎముక తగిలింది.

"ఉండిపో. ఇప్పుడే ఉండిపో. తలుపేసేస్తాను. ఎవడొస్తాడో చూస్తాను. మీ అన్నతో నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావక్కా? ఆ పిల్లాడు బంగారమని అన్నకి చెప్పింది నువ్వే. నిన్న కూడా అన్న నాకదే గుర్తుచేశాడు. ఈ గది ఎక్కడుందో, మెట్లు ఎటున్నాయో ఆయనకి తెలుసు. ఇంతకుముందు తెలియదు."

కింద బండి హారను మోగింది. ఒక్కసారే, పొట్టిగా.

పిచ్చుక ఉలిక్కిపడలేదు. గౌను విప్పి తన నిండు చేతుల బట్టలు వేసుకుంది. తొందరగా, వరసగా బొత్తాలన్నీ పెట్టుకుంది. పసుపు గౌనును కుట్టు కుట్టు కలిసేలా మడిచి, కాజాలక్క చేతిలో పెట్టింది.

"లోపల గుడ్డ వదిలావా?"

"వదిలాను," అంది కాజాలక్క.

"అయితే విప్పి నువ్వే వేసుకో. నాకు ఇంట్లో దీన్ని దాచే చోటు లేదు."

కేకు కోశారు. పిచ్చుక అందరికీ తినిపించింది, అడిగితే నవ్వింది. మాస్టరమ్మ ఫొటోలు తీసింది. నిండు చేతుల్లో ఫొటో బాగా వచ్చిందని అందరూ ఒప్పుకున్నారు. హారను మళ్ళీ మోగింది. "ఆగలేకపోతున్నాడమ్మా కుర్రాడు!" అని పిన్ని కిటికీలోంచి కిందికి కేకేసింది. కింది నుంచి మర్యాదైన నవ్వు వినిపించింది.

కాజాలక్క వెనకే మెట్లు దిగింది. ఆమెకు ఒక కోరిక కలిగింది. ఆ బండి తాళంచెవి లాక్కుని కాలవలో విసిరెయ్యాలని. కాళ్ళు దగ్గరిదాకా తీసుకెళ్ళాయి. చెయ్యి లేవలేదు. అతను దిగి, రెండు చేతులూ జోడించాడు.

"థాంక్సక్కా. అంతా మీ చలవే."

పిచ్చుక వెనక కూర్చుంది. కాజాలక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎప్పుడైనా రావే. ఏ వేళైనా సరే. తలుపు తీసే ఉంచుతాను."

జవాబు అతనే చెప్పాడు. "ఎందుకొస్తుందక్కా ఇంక?" అన్నాడు నవ్వుతూ. తల కొంచెం వెనక్కి తిప్పి, "వస్తావా?" అని అడిగాడు.

"రాను," అంది పిచ్చుక. సరైన జవాబే. బండి కదిలింది.

కాజాలక్క మెట్లెక్కి గదిలోకి వచ్చింది. మాస్టరమ్మ కేకు ముక్క డబ్బాలో సర్దుకుంటోంది. పిన్ని కుర్చీ ఎక్కి దండలు విప్పుతోంది. కాజాలక్క మొహం చూసి, "ఏడవకే, పిల్లని అంపకం పెట్టినట్టు! సుఖపడే చోటికే కదా పోయింది," అంది.

కాజాలక్క మంచాన్ని గోడ దగ్గర్నుంచి దించి, దాని చోట దాన్ని వేసింది. అయినా నేల చాలానే మిగిలింది. ఇంకో పడక వేసుకుని ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు.

పిన్ని బల్ల మీది కాగితం మీసాలన్నీ దగ్గరికి తీసి, ఒకటి తన మూతికి అంటించుకుని అద్దంలో చూసుకుంది.

"ఒక్కటీ వాడలేదు. పారెయ్యకు," అంది. "దాచి ఉంచు, ఇంకెవరి పెళ్ళికైనా పనికొస్తాయి."